నకలే... నకిలీ కాదు!

పారాచూట్ సైనికుడి ఇనుప టోపీకి ఓ నకలు... కూచిపూడి హిరణ్యకశిపుడి తలమీద ఇంకో నకలు... చిలకలపూడి కాసులపేరు మరో నకలు. మూడింటిలో ఏదీ అసలుది కాదు. అయినా మూడింటికీ గిరాకీ ఉంది, గౌరవమూ ఉంది. కాకపోతే ఓ సన్నటి గీత దాటితే చాలు, అదే నకలు మోసమైపోతుంది. కొన్నిసార్లు ప్రాణాల మీదికీ తెస్తుంది. ఆ గీత ఎక్కడుంది?

ఫ్రాన్స్‌లోని నార్మండీలో సెయింట్ మేర్ ఎగ్లీజ్ అని చిన్న ఊరు. ఆ ఊరి చర్చి గోపురానికి ఓ పారాచూట్ చిక్కుకుని ఉంటుంది. దాని తాళ్లకి ఓ సైనికుడు వేలాడుతుంటాడు. తలమీద ఇనుప టోపీ, కాళ్లకి బూట్లు... కింద నుంచి చూసినవాళ్లు ఒక్క క్షణం ఉలిక్కిపడతారు. నిజానికి అది బొమ్మ!

బొమ్మే అయినా దాని వెనక ఉన్నది నిజం కథ. 1944 జూన్ 6 తెల్లవారుజామున వేలమంది అమెరికా పారాచూట్ సైనికులు ఆ చుట్టుపక్కల దిగారు. వాళ్లలో జాన్ స్టీల్ అనే సైనికుడి పారాచూట్ సరిగ్గా ఆ గోపురానికే తగులుకుంది. కింద జర్మన్ సైనికులు, చుట్టూ కాల్పులు. కాలికి గాయమైన స్టీల్ చచ్చిపోయినట్టు నటిస్తూ గంటలకొద్దీ అలాగే వేలాడాడు. చివరికి జర్మన్లకు పట్టుబడినా, తరవాత తప్పించుకున్నాడు. 1962లో వచ్చిన 'ద లాంగెస్ట్ డే' సినిమాతో ఆ సంగతి ప్రపంచమంతటికీ తెలిసింది. ఇప్పుడక్కడ వేలాడుతున్న బొమ్మని చూసి ఎవరూ మోసపోయామనుకోరు. ఎందుకంటే అది బొమ్మేనని ఊరు ఊరంతా చెబుతుంది. దాన్ని చూడ్డానికే జనం వస్తారు.

ఏటా జూన్ వచ్చిందంటే నార్మండీ వీధులు పాత సైనిక దుస్తులతో నిండిపోతాయి. వచ్చేవాళ్లు సైనికులు కారు. గుమాస్తాలు, మాస్టార్లు, మెకానిక్కులు... చరిత్రమీద ఇష్టంతో ఆనాటి వేషం కట్టి, ఆనాటి జీపుల్లో తిరుగుతారు. వీళ్లనే రీఎనాక్టర్లంటారు. 'సేవింగ్ ప్రైవేట్ ర్యాన్' (1998), 'బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్' (2001) వచ్చాక ఈ సరదా మరింత పెరిగింది. ఎనభై ఏళ్లనాటి అసలు టోపీలు అందరికీ దొరకవు. దొరికినా వాటిని వానలో తడపడానికీ బురదలో దొర్లించడానికీ మనసొప్పదు. అందుకే వాళ్లకి కావాల్సింది నకలు!

టోపీలో ఏముంది?

టోపీకి నకలు చేయడమంటే గిన్నె బోర్లించి రంగెయ్యడం కాదు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా వాడిన ఎం-1 హెల్మెట్ 1941లో వచ్చింది. పైన మాంగనీసు కలిపిన ఉక్కు గుల్ల, లోపల దానికి సరిపోయే మరో తేలికపాటి గుల్ల. రెండూ కలిపి దాదాపు 1.3 కిలోలు. ఆ ఉక్కుని 1882లో ఇంగ్లండుకు చెందిన రాబర్ట్ హ్యాడ్‌ఫీల్డ్ కనిపెట్టాడు. దెబ్బ తగిలినకొద్దీ గట్టిపడటం దాని గుణం. 1945 నాటికి అలాంటి టోపీలు రెండు కోట్ల ఇరవై లక్షలకు పైగా తయారయ్యాయి.

మామూలు సైనికుడికి అది సరిపోయింది కానీ, విమానంలోంచి దూకేవాడికి చాల్లేదు. పారాచూట్ విచ్చుకునేటప్పుడు ఒళ్లంతా ఒక్క కుదుపు కుదుపుతుంది. ఆ ఊపుకి టోపీ ఎగిరిపోవచ్చు. లేదా పట్టీ లాగి మెడకే ప్రమాదం రావచ్చు. అందుకని వాళ్ల టోపీకి గడ్డం కింద తోలు గిన్నెలాంటిది పెట్టి, రెండు పక్కలా ఎక్కువ పట్టీలు బిగించారు. పట్టీ తగిలించే కొక్కెం మొదట్లో కదలకుండా అతికించి ఉండేది. కింద పడినా, ఎవరైనా దానిమీద కూర్చున్నా విరిగిపోతుండటంతో తరవాత అటూ ఇటూ తిరిగే కొక్కేలు పెట్టారు. జర్మన్లు ఇంకో దారి పట్టారు. తమ మామూలు టోపీకి చెవులమీదా మెడమీదా ఉండే అంచుని దాదాపు తీసేసి, పారాచూట్ తాళ్లు తగులుకోని గుండ్రటి టోపీ చేశారు. ఇంగ్లండువాళ్లదీ అలాంటి అంచులేని టోపీయే.

అమెరికా 101వ డివిజన్‌వాళ్లు మరో చిత్రం చేశారు. చీకట్లో దిగి చెల్లాచెదురైనా ఎవరు ఏ రెజిమెంటో తెలిసేందుకు టోపీ పక్కన పేకముక్కల గుర్తులు వేసుకున్నారు. 506వ రెజిమెంటుకి ఇస్పేటు, 502కి ఆఠీను, 501కి డైమను, గ్లైడర్లలో దిగే 327కి కళావరు! ఇవాళ సేకరణ చేసేవాళ్లు ప్రాణం పెట్టేది ఈ గుర్తులున్న టోపీలకే. సరిగ్గా అక్కడే చిక్కు. యుద్ధం తరవాత బెల్జియం, డెన్మార్క్, ఆస్ట్రియాలాంటి దేశాల సైన్యాలు ఇదే ఆకారంలో టోపీలు వాడాయి. వాటిలో ఒకటి కొని, రంగు మార్చి, కొక్కెం అతికించి, పక్కన ఇస్పేటు గీస్తే... చూడ్డానికి అచ్చు 1944 టోపీయే. 'నకలు' అని చెప్పి అమ్మితే అది పనితనం. 'మా తాత నార్మండీలో దిగినప్పటిది' అని అమ్మితే నయవంచన. వస్తువు ఒక్కటే. మారింది అమ్మేవాడి మాట!

ఈ వ్యాపారంలో మనదేశం పాత్ర చిన్నదేం కాదు. డెహ్రాడూన్‌లోని విండ్లాస్ స్టీల్‌క్రాఫ్ట్స్ 1943లో గూర్ఖా సైనికులకు ఖుక్రీలు చేయడంతో మొదలైంది. తరవాత పాతకాలపు కత్తులు, కవచాలు, శిరస్త్రాణాల నకళ్లు చేసి విదేశాలకు పంపే స్థాయికి ఎదిగింది. విదేశీ సేకరణదారు ఇంట్లో గోడకి వేలాడే రోమన్ టోపీ మన ఉత్తరాది కార్ఖానాలో పుట్టి ఉండొచ్చు.

దివిటీ వెలుగులో కిరీటం

ఇక మన కృష్ణా డెల్టాకి వద్దాం. ఇక్కడ ఇనుప టోపీల కార్ఖానాలు లేవు. కానీ తలమీద పెట్టుకునే నకలు విషయంలో మనవాళ్లది ఈ రీఎనాక్టర్లకంటే వందల ఏళ్ల ముందు చూపు. మొవ్వ మండలంలోని కూచిపూడి భాగవతులు రాజుల కిరీటాలూ రాణుల నగలూ పెట్టుకుని ఊరూరా ఆడుతూనే వచ్చారు. నాట్యశాస్త్రం దీనికి పేరు కూడా పెట్టింది... ఆహార్యం. ఆంగికం, వాచికం, సాత్త్వికంతోపాటు అదీ అభినయమే. అంటే కిరీటం అలంకారం మాత్రమే కాదు, అది కూడా నటిస్తుందన్నమాట.

సంప్రదాయ కూచిపూడిలో నగలు బూరుగులాంటి తేలికపాటి కర్రతో చేసేవారు. కర్ర చెక్కి, పైన బంగారు రంగు, తళుకులు అద్దేవారు. బంగారం కొనలేక మాత్రమే కర్రకి దిగారనుకుంటే పొరపాటు. 'భక్త ప్రహ్లాద' యక్షగానమే తీసుకోండి. హిరణ్యకశిపుడు అడుగు తీసి అడుగు వేస్తే రంగస్థలం అదరాలి. గిర్రున తిరగాలి, గద ఎత్తాలి, కోపంతో ఊగిపోవాలి. తలమీద లోహపు కిరీటం, భుజాలమీద లోహపు భుజకీర్తులు ఉంటే అర్ధరాత్రి దాటేసరికి మెడ పట్టేస్తుంది. కర్రయితే తేలిక. చెమటకి తుప్పు పట్టదు. విరిగితే మళ్లీ చెక్కుకోవచ్చు.

ఇంకో సంగతి వెలుగు. కరెంటు లేని రోజుల్లో ప్రదర్శనకి ఆధారం దివిటీలే. ముఖ్య పాత్ర ప్రవేశించేటప్పుడు వాటిమీద గుగ్గిలం పొడి చల్లేవారు. భగ్గున మంట లేచేది. ఆ క్షణంలో కిరీటం ధగధగా మెరవాలి. మెరిసింది బంగారమా తళుకా అని చూసేవాళ్లకి పట్టదు. వచ్చింది రాక్షసరాజని తెలిస్తే చాలు. దగ్గర నుంచి చూస్తే మొరటుగా అనిపించే పనితనం దూరానికి రాజసమయ్యేది. రీఎనాక్టర్ టోపీకి లోపలి ముద్ర కూడా సరిగ్గా ఉండాలి. భాగవతుల కిరీటానికి ఆఖరి వరసలో కూర్చున్న ముసలమ్మకి కనిపిస్తే చాలు!

స్త్రీపాత్రలూ మగవాళ్లే కట్టేవారు కాబట్టి నగల బాధ్యత మరింత పెద్దది. 'భామాకలాపం'లో సత్యభామ జడ ఆమె గర్వానికి గుర్తు. నాగరం, సూర్యచంద్రుల బిళ్లలు, జడకుప్పెలతో ఆ జడ నిండుగా ఉంటుంది. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా ఆ జడ వేసుకుని వస్తే ఆడవాళ్లే ముక్కున వేలేసుకునేవారని చెప్పుకుంటారు. 1970లో పద్మశ్రీ అందుకున్న ఆయన 2012లో కన్నుమూశారు. ఆయన వేషం నకలా అంటే నకలే. మోసమా అంటే కాదు. తెర వెనక ఉన్నది ఎవరో చూసేవాళ్లకి తెలుసు. తెలిసీ మైమరిచిపోయారు.

ఈ కిరీటం ఇక్కడి నుంచి సినిమాకీ వెళ్లింది. 1957లో వచ్చిన 'మాయాబజార్'కి నృత్యాలు సమకూర్చిన పసుమర్తి కృష్ణమూర్తిది కూచిపూడి సంప్రదాయమే. అందులో కృష్ణుడిగా కనిపించిన ఎన్టీఆర్ సొంతూరు నిమ్మకూరు కూచిపూడికి దగ్గరే. నెమలి పింఛం పెట్టిన ఆ కిరీటం తెలుగువాళ్ల కళ్లలో ఎంతగా నిలిచిందంటే, ఆ తరవాత ఎన్నో పౌరాణిక నాటకాల్లో కృష్ణుడి కిరీటం దానికే నకలైంది. అసలు ద్వాపరయుగం నాటి కిరీటాన్ని చూసినవాళ్లెవరూ లేరు. నకలే అసలై కూర్చుంది!

చిలకలపూడి చేతివాటం

కూచిపూడి నాట్యం యక్షగానం నుంచి వేదికలకీ ఆడపిల్లలకీ చేరాక నగల అవసరం మారింది. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. దేశవిదేశాల్లో శిష్యులు తయారయ్యారు. 2010 డిసెంబరులో హైదరాబాద్‌లో 2,850 మంది ఒకేసారి కూచిపూడి ఆడి గిన్నిస్ రికార్డు సాధించారు. అంతమందికీ పాపిడిబిళ్ల, సూర్యుడు-చంద్రుడు, వంకీ, వడ్డాణం కావాలంటే? అసలు బంగారంతో అయ్యే పనేనా!

ఇలాంటి నగలకు పేరు మోసిన ఊరు కూచిపూడికి దగ్గర్లోనే ఉంది. బందరులోని చిలకలపూడి. అక్కడి పాండురంగడి గుడికి ఎంత పేరో, రోల్డ్‌గోల్డ్ నగలకీ అంత పేరు. రోల్డ్‌గోల్డ్ అంటే అసలు అర్థం... రాగి, ఇత్తడిలాంటి లోహంమీద పల్చటి బంగారు రేకు అతికించి, రోలర్ల మధ్య సాగదీయడం. కాలక్రమంలో విద్యుత్తుతో బంగారు పూత వేసే పద్ధతి వచ్చింది. పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది. 'గిల్టు నగలు' అన్నా, 'వన్ గ్రామ్ గోల్డ్' అన్నా చుట్టరికం ఒక్కటే.

ఒక్క గొలుసు వెనక ఎంతోమంది చేతులుంటాయి. ఒకరు రేకుని అచ్చులో కొడతారు. ఒకరు తీగ తీస్తారు. ఇంకొకరు కొలిమి దగ్గర అతుకుతారు. రాళ్లు పొదిగే పని, గొలుసు అల్లే పని ఇళ్లలో ఆడవాళ్లు చేస్తుంటారు. చివరికి మెరుగుపెట్టి పూత వేస్తారు. ఈ పనివాళ్లకోసం బందరు దగ్గర పోతేపల్లిలో ప్రత్యేకంగా ఇమిటేషన్ జ్యూయలరీ పార్కు కూడా ఏర్పాటైంది. పూత మందం, పనితనం... చిలకలపూడి నగ మన్నిక ఈ రెండింటిమీదే ఆధారపడుతుంది. పోటీ కూడా తక్కువేం లేదు. ఒకపక్క యంత్రాలమీద వేలకొద్దీ దిగే చౌక నగలు. మరోపక్క నాట్య నగలకి భౌగోళిక గుర్తింపు సంపాదించుకున్న నాగర్‌కోయిల్ టెంపుల్ జ్యూయలరీ.

తమాషా ఏమిటంటే, ఎవరైనా డాంబికంగా మాట్లాడితే 'అదంతా చిలకలపూడి బంగారంలే' అని ఎద్దేవా చేయడం ఉంది. ఊరిపేరు నకిలీకి మారుపేరైంది. కానీ చిలకలపూడి పనివాడు తన నగని ఎప్పుడూ బంగారమని అమ్మలేదు. రోల్డ్‌గోల్డ్ అని బోర్డు పెట్టి మరీ అమ్మాడు. కూతురి పెళ్లికి కాసులపేరు కొనలేని తల్లికి, దొంగల భయంతో అసలు నగ బీరువాలో దాచుకున్న ఇల్లాలికి, అరంగేట్రం చేసే చిన్నారికి ఆ నగే పరువు నిలబెట్టింది. దాన్ని తాకట్టు కొట్టుకి తీసుకెళ్లి బంగారమని చెప్పినవాడు దొంగ. నగ కాదు, చేసినవాడూ కాదు.

బందరుకీ తప్పలేదు

నకలు బాధ ఎలా ఉంటుందో బందరుకి బాగా తెలుసు. ఒకప్పుడు కోరమాండల్ తీరపు అద్దకం బట్టలంటే యూరప్ పడిచచ్చేది. బందరు రేవు నుంచి ఓడల్లో ఆ బట్టలు వెళ్లేవి. వాటి ధాటికి తమ నేతగాళ్లు తట్టుకోలేకపోతున్నారని ఫ్రాన్స్ 1686లో అలాంటి బట్టల్ని నిషేధించింది. ఆ నిషేధం 1759లో తొలగింది. సరిగ్గా అదే ఏడాది ఏప్రిల్‌లో కల్నల్ ఫోర్డ్ నాయకత్వంలో ఇంగ్లిషువాళ్లు ఫ్రెంచివాళ్ల నుంచి బందరు కోట గెలుచుకున్నారు. ఈలోగా యూరప్‌వాళ్లు మన అద్దకానికి నకళ్లు తీయడం నేర్చేసుకున్నారు. తరవాత యంత్రాలమీద గజాలకొద్దీ అచ్చేశారు. అసలు చేసినవాడి కడుపు మాడింది.

ఆ కథ ఇంకా అయిపోలేదు. పెడనలో చెక్క అచ్చులతో, కరక్కాయ నీళ్లతో, సహజ రంగులతో రోజులకొద్దీ శ్రమిస్తే ఒక కలంకారీ బట్ట తయారవుతుంది. అదే డిజైన్‌ని స్క్రీన్ ప్రింటింగ్‌లో గంటల్లో దించేసి 'కలంకారీ' అనే అమ్మేస్తున్నారు. ఆ బట్టమీద 'స్క్రీన్ ప్రింట్' అని రాసి అమ్మితే ఎవరికీ పేచీ లేదు. పేరు కూడా దొంగిలించడంతోనే పేచీ.

తలకాయ ఒక్కటే

ఇంతవరకూ డబ్బు నష్టమే. టోపీ విషయంలో నష్టం అంతకంటే పెద్దది. మన రోడ్లమీద బుల్లెట్ బండ్లు నడిపే కుర్రాళ్లు కొందరు పాత యుద్ధకాలపు టోపీలాంటివి పెట్టుకుని కనిపిస్తారు. చూడ్డానికి సినిమా హీరోలా ఉంటుంది. అసలు 1944 నాటి టోపీయే తెచ్చి పెట్టుకున్నా అది బైకుకి పనికిరాదు. ఎందుకంటే అది ఎగిరివచ్చే ఇనుప ముక్కల్ని ఆపడానికి చేసింది. అరవై కిలోమీటర్ల వేగంతో తారురోడ్డుకి తల కొట్టుకుంటే ఆ అదుటుని పీల్చుకునే మందపాటి థర్మాకోల్‌లాంటి పొర అందులో ఉండదు. అసలుదే పనికిరానప్పుడు ఫైబర్‌తో చేసిన నకలు సంగతి చెప్పేదేముంది?

అందుకే 2021 జూన్ 1 నుంచి దేశంలో ద్విచక్రవాహనాల హెల్మెట్లకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు. ఆ ప్రమాణం పేరు ఐఎస్ 4151. కానీ గుర్తుకీ నకళ్లున్నాయి! వేషానికి కట్టే టోపీ వేదికమీద ఉంటే ముచ్చట. రోడ్డుమీదికొస్తే ముప్పు. హిరణ్యకశిపుడి బూరుగు కిరీటం పెట్టుకుని ఎవరూ బైకెక్కరు కదా... ఇదీ అంతే.

నకలు చేయడం తప్పు కాదు. అది చూసే మనం చరిత్ర నేర్చుకుంటాం, దేవుణ్ని ఊహించుకుంటాం, పండగపూట ముస్తాబవుతాం. చేసినవాడు ఇది నకలని చెప్పాలి. కొన్నవాడు ఆ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఈ రెంటిలో ఏది తప్పినా నకలు నకిలీ అవుతుంది.

కొనేముందు...

* పాత సైనిక టోపీ అని ఎవరైనా చెబితే లోపలివైపు చూడండి. అమెరికా ఎం-1 టోపీకి ముందుభాగంలో లోపల ఉక్కు ముద్ద సంఖ్య చెక్కి ఉంటుంది. అంచు పట్టీ అతుకు 1944 చివరి వరకూ ముందువైపు, ఆ తరవాత వెనకవైపు వచ్చింది. వెనక అతుకున్న టోపీని 'నార్మండీలో దిగిన రోజుది' అంటే నమ్మకండి.

* టోపీ పాతదే అయినా పక్కనున్న పేకముక్క గుర్తు కొత్తది కావచ్చు. కథకి కాదు, వస్తువుకి డబ్బివ్వండి.

* బైకు హెల్మెట్‌కి ఐఎస్ఐ గుర్తుతోపాటు లైసెన్సు సంఖ్య ఉందో లేదో చూడండి. లోపలి పొర మందంగా, పగుళ్లు లేకుండా ఉండాలి. ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్‌ని మళ్లీ వాడొద్దు.

* బంగారమని కొనేదానిమీద హాల్‌మార్కుతోపాటు ఆరు అక్షరాలూ అంకెల హెచ్‌యూఐడీ ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్కు నగలకు ఇది తప్పనిసరి.

* గిల్టు నగల్ని చెమట, సెంటు, సబ్బు నీళ్లు తగలకుండా చూసుకోండి. వాడాక మెత్తటి పొడిబట్టతో తుడిచి దూదిలో దాచండి. పూత ఎక్కువకాలం నిలుస్తుంది.